ఓటు మనది, పద్దు ఎవరిది? – సబ్‌ప్లాన్ నేర్పే ప్రజాస్వామ్య పాఠం

ఆ మధ్య ఒక సాంఘిక సంక్షేమ కాలేజీ హాస్టల్లో పిల్లలతో మాట్లాడటానికి వెళ్లాను. అందరూ డిగ్రీ చదివేవాళ్లు. రాజ్యాంగం గురించి చెప్పమన్నారు. చెప్పబోయే ముందు నేనే వాళ్లనొక ప్రశ్న అడిగాను. "ప్రభుత్వం అంటే ఎవరు?" ఒకరు ముఖ్యమంత్రి అన్నారు. ఒకరు కలెక్టర్ అన్నారు. ఇంకొకరు ఎమ్మెల్యే అన్నారు. వెనక వరసలో కూర్చున్న ఒకమ్మాయి లేచి "బిల్లు పాసు చేసేవాళ్లు సార్" అంది. ఏ బిల్లమ్మా, అసెంబ్లీలో పెట్టే బిల్లా అంటే, "కాదు సార్, మా మెస్ బిల్లు. మూడు నెలల నుంచి రాలేదు" అంది. అందరూ నవ్వారు.

నవ్వులాటగా అన్నా ఆ జవాబులో అసలు సంగతి ఉంది. అసెంబ్లీలో పాసయ్యే బిల్లుకూ హాస్టల్‌కు రావాల్సిన బిల్లుకూ మధ్య ఒక దారి ఉంది. ఆ దారిలో చాలా మజిలీలున్నాయి. ఓటు ఎట్లా వెయ్యాలో మన వాడల్లో అందరికీ తెలుసు. ఓటు వేసిన తర్వాత ఆ దారి ఎటు పోతుందో మాత్రం తెలియదు. అది మన తెలివితక్కువ వల్ల కాదు. లెక్కలు రాసే బల్లల దగ్గర తరతరాలుగా మనవాళ్లకు కుర్చీ లేకపోవడం వల్ల.

ఈ వ్యాసంలో ప్రభుత్వం, రాజకీయం, విధానం, బడ్జెట్ అనే నాలుగు మాటల్ని విప్పి చూద్దాం. నిఘంటువు అర్థాలు వదిలేసి ఒక నిజమైన ఉదాహరణ పట్టుకుందాం. ఎస్సీ సబ్‌ప్లాన్ అనే విధానం 1979లో పుట్టింది. ముప్పై ఏళ్లకు పైగా కాగితం మీదే ఎక్కువగా బతికింది. ఉద్యమం కదిలిస్తే 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టమైంది. చట్టమైన తర్వాత కూడా చేతిలోంచి జారుతూనే ఉంది. ఎక్కడెక్కడ జారుతోందో చూస్తే ప్రజాస్వామ్యం ఎట్లా నడుస్తుందో మనకు తెలుస్తుంది.

రాజ్యం, ప్రభుత్వం, రాజకీయం

ఎన్నికల్లో ఓడిపోతే దిగిపోయేది ప్రభుత్వం. దిగిపోకుండా ఉండేది రాజ్యం. ముఖ్యమంత్రి మారతాడు, మంత్రులు మారతారు. సచివాలయం, ట్రెజరీ, పోలీసు స్టేషన్, కోర్టు, తహసీల్దారు ఆఫీసు మారవు. వాటిలో పనిచేసే మనుషులు బదిలీ అవుతారే గానీ వాటి రూల్సు, పద్ధతులు, అలవాట్లు నిలిచే ఉంటాయి. మనం ఓటుతో మార్చగలిగింది ఈ మొత్తంలో పైపొర మాత్రమే. లోపలి పొరల్ని మార్చాలంటే వేరే పని చెయ్యాలి.

రాజ్యానికి మూడు అంగాలని బడిలో చెప్తారు. చట్టం చేసేది శాసనసభ. అమలు చేసేది కార్యనిర్వాహక వర్గం, అంటే మంత్రివర్గమూ ఉద్యోగ యంత్రాంగమూ. తగువు తీర్చేది న్యాయస్థానం. పుస్తకంలో ఈ మూడూ సమానంగా కనిపిస్తాయి. డబ్బు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కార్యనిర్వాహక వర్గానిదే పైచేయి. అది ఎట్లాగో ముందు చూస్తాం.

ఇక రాజకీయం. మన ఊళ్లల్లో రాజకీయం అంటే పార్టీ గొడవలని అర్థం. "మాకెందుకండీ ఈ రాజకీయాలు" అంటుంటారు. అందరి సొమ్ములో ఎవరికి ఎంత రావాలి, ఎవరి గడపకు ముందు రోడ్డు పడాలి, ఏ చెరువు నీళ్లు ఏ పొలానికి పోవాలి అనేది తేల్చేదే రాజకీయం. ఆ అర్థంలో చూస్తే బోరింగు పంపు వాడలో వెయ్యాలా ఊళ్లో వెయ్యాలా అన్నది రాజకీయమే. మనం అందులో లేకపోయినా మన సంగతి అక్కడ తేలిపోతూనే ఉంటుంది.

ఒక మనిషి, ఒక ఓటు

ఈ దేశంలో అందరికీ ఓటు ఊరికే రాలేదు. బ్రిటిష్ కాలంలో 1919, 1935 చట్టాల కింద ఆస్తి, పన్ను, చదువు ఉన్నవాళ్లకే ఓటు ఉండేది. అంటరానివాళ్లుగా ముద్రపడినవాళ్లలో ఆ మూడూ ఉన్నవాళ్లు ఎంతమంది? 1919లోనే సౌత్‌బరో కమిటీ ముందు డాక్టర్ అంబేద్కర్ ఈ విషయం వాదించారు. 1932లో పూనా ఒడంబడిక వచ్చింది. ప్రత్యేక నియోజకవర్గాలు పోయి ఉమ్మడి నియోజకవర్గాల్లో రిజర్వుడు సీట్లు వచ్చాయి. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 326వ అధికరణం ద్వారా వయోజనులందరికీ ఓటు ఇచ్చింది.

అదే రాజ్యాంగాన్ని ఆమోదించే ముందు రోజు, 1949 నవంబర్ 25న, అంబేద్కర్ రాజ్యాంగ సభలో హెచ్చరించారు. రాజకీయంలో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం – ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని మనం ప్రయాణం మొదలుపెడుతున్నామని, ఈ వైరుధ్యాన్ని త్వరగా తొలగించకపోతే అసమానతకు బలైనవాళ్లు ఈ ప్రజాస్వామ్య నిర్మాణాన్నే కూల్చేస్తారని ఆయన చెప్పిన మాటల సారం. ఆ వైరుధ్యాన్ని తొలగించే పనిముట్టు ఏది? ఓటు ఒక్కటే సరిపోదు. ఆ ఓటుతో ఏర్పడిన ప్రభుత్వం డబ్బు ఎటు మళ్లిస్తుందన్నదే అసలు ప్రశ్న.

ప్రాతినిధ్యం లెక్క కూడా ఒకసారి చూద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో మొత్తం 294 స్థానాలు. 2009 ఎన్నికల నాటికి అందులో ఎస్సీలకు 48, ఎస్టీలకు 19. రెండూ కలిపితే 67. ఏ బిల్లయినా నెగ్గాలంటే సభ మొత్తం హాజరైనప్పుడు 148 మంది కావాలి. రిజర్వుడు సీట్ల సభ్యులందరూ పార్టీలు పక్కనపెట్టి ఒక్కటైనా ఇంకా 81 మంది తక్కువ. పైగా వాళ్లు ఒక్కటి కావడమూ కష్టమే. పార్టీ టికెట్ ఇచ్చేవాడు వేరే, గెలిపించే ఓట్లలో ఎక్కువ భాగం వేరే కులాలవి, విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌లో 175కు ఎస్సీ స్థానాలు 29, తెలంగాణలో 119కి 19. లెక్క మారింది గానీ పరిస్థితి మారలేదు.

మన ఎమ్మెల్యేలు చేతగానివాళ్లని తిట్టి ఊరుకోవడం తేలిక. వాళ్లు నిలబడాలంటే బయట నుంచి బలం కావాలన్నది ఈ లెక్క చెప్పే పాఠం. 2012లో జరిగింది కొంతవరకు అదే.

విధానం ఎట్లా పుడుతుంది?

ప్రభుత్వం ఒక సమస్యను సమస్యగా ఒప్పుకుని, దానికి ఏం చెయ్యాలో, ఎంత ఖర్చుపెట్టాలో, ఎవరు చెయ్యాలో తేల్చుకుంటే దాన్ని విధానం అంటాం. ఇందులో మొదటి మెట్టే కష్టం. వెయ్యేళ్ల వెలివేత ఎవరికీ సమస్యగా కనిపించలేదు. అది సమస్యే అని పాలకుల చేత అనిపించడానికే తరాలు పట్టింది.

స్వాతంత్ర్యం వచ్చాక మొదటి రెండు మూడు దశాబ్దాలు ఎస్సీల అభివృద్ధి అంటే సంక్షేమ శాఖ పని అనుకున్నారు. హాస్టళ్లు, స్కాలర్‌షిప్పులు, కొన్ని ఇళ్ల స్థలాలు. అన్ని శాఖల బడ్జెట్ ఒకవైపు, చిన్న సంక్షేమ శాఖ బడ్జెట్ ఇంకోవైపు. వ్యవసాయం, సాగునీరు, పరిశ్రమలు, వైద్యం, రోడ్లు – ఈ పెద్ద శాఖలు మాకేం సంబంధం అన్నట్టే నడిచాయి. అభివృద్ధి జరిగితే కింది దాకా తనంతట తనే కారుతుందన్నారు. కారలేదు.

ముందు ఐదో పంచవర్ష ప్రణాళికలో, 1974–75 నుంచి, గిరిజన ఉపప్రణాళిక వచ్చింది. ఆదివాసులు కొన్ని ప్రాంతాల్లో గుంపుగా ఉంటారు గనక అది ప్రాంతాల ఆధారంగా నడిచింది. దళితులు అట్లా కాదు. ప్రతి ఊరికీ ఒక వాడ. అందుకని వాళ్ల కోసం వేరే పద్ధతి కావలసి వచ్చింది. 1979–80లో ప్రత్యేక అంగ ప్రణాళిక మొదలైంది. తర్వాత దీన్నే ఎస్సీ సబ్‌ప్లాన్ అన్నారు. ఆంధ్రప్రదేశ్ క్యాడర్‌కు చెందిన ఐఏఎస్ అధికారి పి.ఎస్.కృష్ణన్ అప్పట్లో కేంద్ర హోంశాఖలో ఉన్నారు. ఈ ఆలోచనకు రూపం ఇచ్చినవాళ్లలో ఆయన ముఖ్యుడు. అదే క్యాడర్‌కు చెందిన ఎస్.ఆర్.శంకరన్ కూడా దీనికి అండగా నిలిచారు.

ఆలోచన చాలా సాదాది. జనాభాలో ఎస్సీలు ఎంత శాతమో, ప్రణాళిక వ్యయంలో కనీసం అంత శాతం వాళ్ల కోసం పక్కన పెట్టాలి. సంక్షేమ శాఖ ఒక్కటే కాదు, ప్రతి శాఖా పెట్టాలి. పెట్టిన డబ్బు వేరే పనికి మళ్లకూడదు, సంవత్సరం చివర మురిగిపోకూడదు. 2001 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో ఎస్సీలు 16.2 శాతం, ఎస్టీలు 6.6 శాతం. అంటే ప్రణాళికలో ప్రతి వంద రూపాయల్లో దాదాపు 23 రూపాయలు ఈ రెండు ఉపప్రణాళికలకు రావాలి. ఇది దానం కింద అడిగింది కాదు, వాటా కింద అడిగింది.

అయితే ఇదంతా మార్గదర్శకాల రూపంలో వచ్చింది. ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. శాసనసభ ఆమోదిస్తే చట్టం. ప్రభుత్వం సంతకం పెట్టి ఇస్తే జీవో. పై ఆఫీసు కింది ఆఫీసుకు ఇట్లా చెయ్యండి అని రాస్తే మార్గదర్శకం. చట్టం ఉల్లంఘిస్తే కోర్టుకు పోవచ్చు. జీవోను ఇంకో జీవోతో మార్చేస్తారు. మార్గదర్శకం పాటించకపోతే అడిగే నాథుడు లేడు. షెడ్యూల్డు కులాల ఆర్థిక, విద్యా ప్రయోజనాలను రాజ్యం ప్రత్యేక శ్రద్ధతో కాపాడాలని రాజ్యాంగం 46వ అధికరణం చెప్తుంది. అదీ ఆదేశిక సూత్రమే. కోర్టు ద్వారా అమలు చేయించుకునే వీలు లేదని 37వ అధికరణం ముందే చెప్పింది. అట్లా ముప్పై ఏళ్లకు పైగా మన వాటా ఒక మంచి సలహాగా మిగిలిపోయింది.

789 పద్దు

బడ్జెట్ పుస్తకాలు చూస్తే భయమేస్తుంది. వేల పేజీలు, అంకెలు, కోడ్లు. భయపడాల్సిన పని లేదు. అందులో మనకు కావలసిన ఒక అంకె ఉంది – 789. ఏ శాఖ పద్దు కింద చూసినా 789 అనే చిన్న పద్దు కనపడితే అది ఎస్సీల ఉపప్రణాళిక సొమ్ము. 796 అని ఉంటే గిరిజన ఉపప్రణాళిక సొమ్ము. విద్యాశాఖలో 789 ఎంత, వైద్యశాఖలో ఎంత, పరిశ్రమల శాఖలో ఉందా లేదా అని వెతికితే ఏ శాఖ మన గురించి ఎంత ఆలోచించిందో తెలిసిపోతుంది.

బడ్జెట్ తయారయ్యే తీరు ఇది. బడ్జెట్ సమావేశాలకు కొన్ని నెలల ముందే ప్రతి శాఖా వచ్చే ఏడాదికి అంచనాలు వేసి ఆర్థిక శాఖకు పంపుతుంది. ఆర్థిక శాఖ కోతలు పెడుతుంది. మంత్రివర్గం ఆమోదిస్తుంది. ఆ తర్వాతే ఆర్థిక మంత్రి సభలో ప్రసంగం చేస్తారు. టీవీల్లో మనం చూసేది ఆ ప్రసంగం. అప్పటికి నిర్ణయాలన్నీ అయిపోయి ఉంటాయి.

సభలో ఏం జరుగుతుంది? రాజ్యాంగం 203వ అధికరణం ప్రకారం ఒక్కో శాఖ పద్దూ సభ ముందుకు వస్తుంది. సభ దాన్ని ఒప్పుకోవచ్చు, నిరాకరించవచ్చు, తగ్గించవచ్చు. పెంచడానికి మాత్రం వీల్లేదు. ఖర్చు ప్రతిపాదన గవర్నర్ సిఫార్సుతోనే రావాలి. అంటే మంత్రివర్గం నుంచే రావాలి. మన ఎమ్మెల్యే లేచి హాస్టళ్లకు ఇంకో వంద కోట్లు వెయ్యండి అని అడగగలడు గానీ ఓటింగులో వేయించలేడు. అదీగాక చాలా పద్దుల మీద చర్చే జరగదు. గడువు ముగిసే రోజున మిగిలినవన్నీ ఒకేసారి ఓటుకు పెట్టి పాసు చేస్తారు. దీన్ని గిలెటిన్ అంటారు. తల తెగే యంత్రం పేరే పెట్టారు. తెగేది చర్చ.

పద్దు పాసయ్యాక కూడా డబ్బు రాదు. ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వు ఇవ్వాలి. ఆ తర్వాత శాఖాధిపతి, జిల్లా అధికారి, ట్రెజరీ. ఎక్కడ ఆగినా ఆగినట్టే. మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది. ఖర్చు కాని సొమ్ము మురిగిపోతుంది. హాస్టల్ అమ్మాయి అడిగిన మెస్ బిల్లు ఈ దారిలోనే ఎక్కడో ఆగి ఉంటుంది. అది ఆగిందని ఏ ఆర్థిక మంత్రి ప్రసంగంలోనూ ఉండదు.

అందుకే బడ్జెట్ పుస్తకంలో మూడు గళ్లు చూడాలి. బడ్జెట్ అంచనా – ఇస్తామని చెప్పింది. సవరించిన అంచనా – ఏడాది మధ్యలో మార్చుకున్నది. లెక్కలు – నిజంగా ఖర్చయింది. ఈ మూడోది రెండేళ్లు ఆలస్యంగా కనిపిస్తుంది. వేల కోట్లు ఇచ్చామని పత్రికల్లో వచ్చేది మొదటి గడి. మన వాడకు వచ్చేది మూడో గడి. ఈ రెండింటి మధ్య తేడానే మనం పట్టుకోవాలి.

సలహా చట్టమైన తీరు

2010లో ఢిల్లీలో కామన్‌వెల్త్ క్రీడలు జరిగాయి. ఆ క్రీడల పనులకు దళితుల ప్రత్యేక అంగ ప్రణాళిక సొమ్ము 700 కోట్లకు పైగా మళ్లించారని సమాచార హక్కు ద్వారా బయటపడింది. పార్లమెంటులో దుమారం లేచింది. అట్లా మళ్లించడం తప్పేనని అప్పటి హోంమంత్రి పి.చిదంబరం రాజ్యసభలో ఒప్పుకున్నారు. దేశమంతా ఇదేదో కొత్త విషయంలా మాట్లాడుకుంది. అన్ని రాష్ట్రాల్లోనూ ఏళ్ల తరబడి జరుగుతున్నదే అది. మార్గదర్శకానికి కాపలా ఉండదు గనక ఎవరికి ఏది కావాలంటే దానికి వాడుకున్నారు.

మన దగ్గర అప్పటికే కదలిక ఉంది. సెంటర్ ఫర్ దళిత్ స్టడీస్ లెక్కలు తీసి బయటపెట్టింది. కుల వివక్ష వ్యతిరేక పోరాట సంఘం వీధుల్లోకి తెచ్చింది. ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిగా పనిచేసి రిటైరైన కాకి మాధవరావు వంటి అధికారులు ఫైళ్ల లోగుట్టు విప్పి చెప్పారు. మల్లేపల్లి లక్ష్మయ్య వంటి పాత్రికేయులు పత్రికల్లో రాశారు. ఎవరికివాళ్లుగా ఉన్న సంఘాలు, భిన్న పార్టీల వాళ్లు ఈ ఒక్క డిమాండ్ మీద ఒక వేదిక మీదికి వచ్చారు. అన్ని పార్టీల దళిత, గిరిజన శాసనసభ్యుల మీద ఒత్తిడి పెరిగింది. ప్రభుత్వం అప్పటి ఉప ముఖ్యమంత్రి దామోదర రాజనరసింహ అధ్యక్షతన మంత్రివర్గ ఉపసంఘం వేసింది. కిరణ్ కుమార్ రెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా ప్రత్యేక సమావేశాలు పెట్టి, 2012 డిసెంబర్ 2న శాసనసభ బిల్లును ఆమోదించింది. 2013లో ఒకటో నెంబరు చట్టంగా అది అమల్లోకి వచ్చింది. దేశంలో ఇటువంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం మనదే. అదే ఏడాది కర్ణాటక కూడా చేసింది.

బిల్లు ఎట్లా నెగ్గింది? 67 మందితో నెగ్గలేదు. లెక్క తెలిసినవాళ్లూ వీధిలో నిలబడ్డవాళ్లూ కలిశారు. లోపల ఉన్న సభ్యులకు బయట నుంచి ధైర్యం వచ్చింది. ఎన్నికలు ఏడాదిన్నర దూరంలో ఉన్నాయి, కాదంటే ఓట్లు పోతాయని పాలకులకూ భయం వేసింది. విధానం ఇట్లాగే మారుతుంది. మంచి ఆలోచన ఒక్కటే ఉంటే 1979 నాటి కాగితంలాగే మిగిలిపోతుంది.

చట్టం వచ్చాక

చట్టంలో మంచి మాటలు చాలా ఉన్నాయి. జనాభా దామాషాలో నిధులు కేటాయించాలి. ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్ర మండలి, దాని కింద నోడల్ ఏజెన్సీ, జిల్లాల్లో పర్యవేక్షణ కమిటీలు ఉండాలి. ఏడాదికోసారి నివేదిక శాసనసభ ముందు పెట్టాలి. అయితే చట్టం ప్రాణం ఒక చిన్న ప్రశ్నలో ఉంది. ఏ ఖర్చును మన ఖర్చుగా రాయాలి?

చట్టం పనుల్ని నాలుగు రకాలుగా విడదీసింది. ఎస్సీ వ్యక్తికీ కుటుంబానికీ నేరుగా అందే పథకమైతే మొత్తం ఖర్చు సబ్‌ప్లాన్ కింద రాయొచ్చు. ఎస్సీ వాడలో చేసే పని అయినా అంతే. అందరితో పాటు ఎస్సీలకూ అందే సాధారణ పథకమైతే అందులో ఎస్సీ లబ్ధిదారులు ఎంతమందో అంత వాటా రాయాలి. ఇక విడదీయడానికి వీలుకాని పెద్ద నిర్మాణాలైతే ప్రభుత్వం నిర్ణయించిన శాతం రాయొచ్చు. మొదటి రెండింటితో పేచీ లేదు. చిల్లు పడేది చివరి రెండింటి దగ్గర.

ఒక ఉదాహరణ అనుకుందాం. వెయ్యి కోట్లతో కాలువ తవ్వారు. అందులో పదో వంతు, వంద కోట్లు, 789 కింద రాశారు. పుస్తకంలో వంద కోట్లు మన ఖాతాలో పడ్డాయి. కాలువ నీళ్లు పోయేది పొలానికి. ఆ ఊళ్లో మాల, మాదిగ కుటుంబాల్లో ఎక్కువమందికి పొలమే లేకపోతే ఆ వంద కోట్లు ఎవరి పొలం తడిపినట్టు? కూలి దొరుకుతుంది గదా అంటారు. కూలి దొరికేదాన్ని అభివృద్ధి వాటా అనడం ఎక్కడి న్యాయం? కర్ణాటకలో ఇదే వాదం చాలా ఏళ్లు నడిచింది. అక్కడి చట్టంలో ఖర్చయినట్టుగా భావించే వీలు కల్పించిన 7డి సెక్షన్‌ను 2023లో తొలగించారు. అడిగితే మారుతుందనడానికి అదొక సాక్ష్యం.

సాధారణ పథకాల సంగతి ఇంకా సున్నితం. రైతులందరికీ డబ్బు వేస్తారు, తల్లులందరికీ వేస్తారు, ముసలివాళ్లందరికీ పింఛను ఇస్తారు. అందులో ఎస్సీలకు పోయిన భాగాన్ని సబ్‌ప్లాన్ కింద లెక్క చూపిస్తారు. విడిపోయిన రెండు రాష్ట్రాల్లోనూ, పార్టీలు మారినా, ఈ అలవాటు మీద విమర్శ ఆగలేదు. పింఛను మా అవ్వకు రావద్దని ఎవరూ అనరు. అది పౌరురాలిగా ఆమెకు ఎట్లాగూ రావాల్సిందే. దాన్నే తీసుకొచ్చి వెనకబాటు పూడ్చడానికి పెట్టిన ప్రత్యేక సొమ్ము కింద రాస్తే ఇక పూడ్చేది దేంతో? భూమి కొనుగోలు, చిన్న పరిశ్రమకు పెట్టుబడి, పై చదువు, వాడల్లో మురుగు కాలువ – వీటికి మిగిలేది ఎంత?

ఇంకో మార్పు చప్పుడు లేకుండా వచ్చింది. సబ్‌ప్లాన్ వాటా ప్రణాళిక వ్యయంలో లెక్కించేవాళ్లు. 2014లో ప్రణాళికా సంఘం రద్దయింది. 2017–18 నుంచి కేంద్ర బడ్జెట్‌లో ప్రణాళిక, ప్రణాళికేతర అనే విభజనే పోయింది. ప్లానే లేకపోతే సబ్‌ప్లాన్ దేనికి సబ్? తెలంగాణ 2017లో కొత్త చట్టం చేసి ప్రత్యేక అభివృద్ధి నిధి అని పేరు పెట్టింది. బడ్జెట్‌ను నిర్వహణ పద్దు, ప్రగతి పద్దు అని విడదీసి, ప్రగతి పద్దులో వాటా అంది. ఖర్చు కాని సొమ్మును తర్వాతి ఏడాదికి కలపాలని కూడా అందులో రాశారు. అది మంచి నిబంధన. అమలవుతోందా లేదా అన్నది మూడో గడి చూసి తేల్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2013 చట్టానికి పదేళ్ల గడువు ఉంది. ఆ గడువు తీరేముందు 2023 జనవరిలో ఆర్డినెన్స్ ద్వారా మరో పదేళ్లు పొడిగించారు. పొడిగించినందుకు సంతోషించాలి. పొడిగించే ముందు పదేళ్లలో ఏం జరిగిందని ఊరూరా చర్చ ఎందుకు పెట్టలేదని కూడా అడగాలి.

వాటా సూత్రం గురించి మనలో మనం మాట్లాడుకోవాల్సింది ఒకటుంది. జనాభా ఎంతో వాటా అంత అని పాలకుల్ని అడిగేటప్పుడు, ఆ వచ్చిన వాటాలో మాదిగలకు, మాలలకు, రెల్లి, డక్కలి, మాస్టిన్ వంటి చిన్న కులాలకు ఎంత చేరిందన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. 1994 నుంచి దండోరా ఉద్యమం లేవనెత్తిన ఈ ప్రశ్న 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు దాకా వెళ్లింది. ఉద్యోగాల్లో వర్గీకరణ సంగతి ఎట్లా ఉన్నా, 789 పద్దులో డబ్బు ఏ కులానికి ఎంత చేరిందో లెక్క బయటపెట్టమని అందరం కలిసి అడగడానికి ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు.

లెక్క ఎట్లా అడగాలి?

ఇంతా చదివాక మనమేం చెయ్యగలమని అనిపించవచ్చు. చెయ్యగలిగినవి ఉన్నాయి.

బడ్జెట్ ప్రసంగం రోజు మాట్లాడితే లాభం తక్కువ. శాఖలు అంచనాలు వేసే నెలల్లోనే వాడ అవసరాలు రాసి ఇవ్వాలి. రోడ్డు లేదా, శ్మశానానికి స్థలం లేదా, హాస్టల్ గదులు కురుస్తున్నాయా అన్నది గ్రామసభలో తీర్మానంగా రాయించాలి. నోటితో చెప్పింది నిలవదు. తీర్మానం పుస్తకంలో ఎక్కిందో లేదో అక్కడికక్కడే చూసుకోవాలి.

సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. జిల్లా అధికారికి దరఖాస్తు పెట్టి మూడు ప్రశ్నలు అడగొచ్చు. గత ఏడాది 789 పద్దు కింద ఈ జిల్లాకు ఎంత విడుదలైంది? ఎంత ఖర్చయింది? ఏ ఊళ్లో ఏ పనికి? పని జరిగిందని రాసిన చోటుకు పోయి చూడొచ్చు. సబ్‌ప్లాన్ రోడ్డు అని బోర్డు ఉండి అది వాడ దాకా రాకుండా ఊరి మధ్యే ఆగిపోతే ఫోటో తీసి జిల్లా పర్యవేక్షణ కమిటీకి పంపొచ్చు. అసలు ఆ కమిటీ ఎన్నిసార్లు కూర్చుందో కూడా అడగొచ్చు.

కాగ్ నివేదికలు ఏటా శాసనసభ ముందుకు వస్తాయి. మురిగిపోయిన సొమ్ము, దారి మళ్లిన సొమ్ము గురించి అందులో రాస్తారు. వాటిని ప్రజాపద్దుల కమిటీ పరిశీలిస్తుంది. దానికి ప్రతిపక్ష సభ్యుడు అధ్యక్షుడిగా ఉండటం ఆనవాయితీ. మన నియోజకవర్గం ఎమ్మెల్యే ఆ కమిటీలో ఉంటే ఆయనకు మన దగ్గరి లెక్కలు అందించాలి. ఆయన ఏ పార్టీ అయినా సరే. ఇదంతా చదువుకున్న పిల్లలు చెయ్యగల పని. డిగ్రీలో పొలిటికల్ సైన్స్ చదివే ప్రతి ఎస్సీ విద్యార్థీ తన మండలం 789 లెక్క ఒకటి తీస్తే చాలు, ఏ పరిశోధన సంస్థా చెయ్యలేని పని అవుతుంది.

హాస్టల్లో ఆ రోజు మాటలు ముగిశాక నలుగురైదుగురు పిల్లలు ఉండిపోయారు. మెస్ బిల్లు అడిగిన అమ్మాయి కూడా ఉంది. కాగితం తీసి, దరఖాస్తు ఎవరి పేరు మీద రాయాలి సార్ అని అడిగింది. వార్డెన్ మీద కోపంగా రాయొద్దు, ఆయన కూడా డబ్బు కోసమే ఎదురుచూస్తున్నాడు, విడుదల ఉత్తర్వు ఏ తేదీన వచ్చింది, ట్రెజరీలో బిల్లు ఏ తేదీన పడింది అని రాయి అన్నాను. కూర్చుని రాసింది. మిగతావాళ్లూ కింద సంతకాలు పెట్టారు.